ముందు ఏ రోడ్డు, ముందు ఏ వంతెన: నిర్వహణ పనుల ఎంపికకు పోలికలు, లెక్కలు

రెండు రోడ్లున్నాయి అనుకుందాం. ఒకటి గుంతలమయం, అడుగడుగునా కంకర తేలిపోయింది. రెండోదాని మీద సన్నటి పగుళ్లు, అక్కడక్కడ తారు ఆరి వెలిసిపోయిన ఉపరితలం, అంతే. చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతుంది. జనం అడిగేది మొదటిదాన్ని. అయినా ఈ ఏడాది ముందు చేపట్టాల్సింది చాలాసార్లు రెండోదే.

మొదటి రోడ్డు ఇప్పటికే అడుగు పొరల దాకా చెడిపోయింది. దాన్ని ఈ ఏడాది పట్టుకున్నా వచ్చే ఏడాది పట్టుకున్నా పని ఒకటే: తవ్వి, కింది పొరలు తిరగవేసి, మళ్లీ కట్టడం. రెండోది అలా కాదు. ఇప్పుడైతే పగుళ్లు నింపి పల్చటి సీల్, అంటే నీటిని ఆపే తారు పూత, వేస్తే సరిపోతుంది. రెండు వానాకాలాలు వదిలేస్తే నీళ్లు పగుళ్లలోంచి దిగి కింది కంకర పొరను నానబెడతాయి, లారీ చక్రం కింద ఆ పొర కదులుతుంది, పైపొర మొసలి చర్మంలా పగులుతుంది. అప్పుడు సీల్‌తో పని జరగదు, మందపాటి ఓవర్‌లే, అంటే పాత రోడ్డు మీద కొత్త తారు పొర, కావాలి. అదీ వాయిదా వేస్తే మొదటి రోడ్డు గతే దీనికీ పడుతుంది. అంటే ప్రతి రోడ్డుకూ రెండు గడపలున్నాయి: పూతతో సరిపోయే దశ దాటే గడప ఒకటి, పైపొరతో సరిపోయే దశ దాటే గడప మరొకటి. జాబితా రాసే ముందు ప్రతి రోడ్డు గురించీ అడగాల్సింది ఒక్కటే: ఒక ఏడాది ఆగితే దీని మరమ్మతు రకమే మారిపోతుందా?

ఇది చిన్న విషయం కాదు. 1988లో ప్రపంచ బ్యాంకు 85 అభివృద్ధి చెందుతున్న దేశాల రోడ్లను లెక్కించింది. అంతకుముందు రెండు దశాబ్దాల్లో నిర్వహణ లేక 4,500 కోట్ల డాలర్ల విలువైన రోడ్లు నాశనమయ్యాయని, వేళకు నివారణ పనులు చేసి ఉంటే 1,200 కోట్ల డాలర్ల లోపే సరిపోయేదని తేల్చింది.

జాబితా తయారుచేసే మూడు పద్ధతులు

మొదటిది, ఎక్కువ చెడిన రోడ్డు నుంచి మొదలుపెట్టడం. ఫిర్యాదులకు వెంటనే జవాబు దొరుకుతుంది, సర్వే ఖర్చు ఉండదు. మొత్తం రోడ్లలో చెడినవి నాలుగైదే అయితే ఇది పనికొస్తుంది. చెడినవి ఎక్కువైతే మాత్రం డబ్బంతా పునర్నిర్మాణానికే పోయి, బాగున్న రోడ్లు ఏటా కొన్ని చొప్పున గడప దాటుతూ ఉంటాయి. పదేళ్లు ఇలాగే నడిపితే, ఖర్చు పెడుతూనే ఉన్నా చెడిన రోడ్ల పొడవు పెరుగుతూ పోతుంది.

రెండోది, వంతుల వారీ చక్రం: ప్రతి రోడ్డుకూ ఐదేళ్లకో ఏడేళ్లకో ఒకసారి సీల్. సర్వే సిబ్బంది లేని చోట, అన్ని రోడ్ల మీదా రద్దీ దాదాపు ఒకేలా ఉన్న చోట ఇది మంచి పద్ధతే, తక్కువగా చూడనక్కర్లేదు. క్వారీ రోడ్డునూ ఊరి రోడ్డునూ ఒకే గాటన కట్టడం దగ్గరే తేడా కొడుతుంది. 1958–60లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒట్టావా దగ్గర జరిగిన ఆషో (అమెరికా రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం) రోడ్డు పరీక్ష తేల్చిన విషయం: ఇరుసు బరువు పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 8 టన్నుల ఇరుసు బదులు 10 టన్నుల ఇరుసు వెళ్తే బరువు పెరిగింది పావు వంతే. నష్టం మాత్రం దాదాపు 2.4 రెట్లు. అందుకే బరువు లారీల దారికి వేరే చక్రం వేయాలి.

మూడోది, గడప దగ్గరున్న రోడ్లను ముందు పట్టుకోవడం. దీనికి ఏటా సర్వే కావాలి, కొంచెం లెక్క కావాలి. లెక్క కష్టమైనదేమీ కాదు. మాట వరసకు కిలోమీటరు సీల్ ఖర్చు 1 అనుకుందాం, ఓవర్‌లే 5, పునర్నిర్మాణం 15. ఒక రోడ్డుకు ఇప్పుడు సీల్ చాలు, ఏడాది ఆగితే ఓవర్‌లే కావాల్సివచ్చే అవకాశం 60 శాతం. ఆగినందుకు పడే అదనపు భారం 0.6 × 4 = 2.4. అంటే ఇప్పుడు పెట్టే ప్రతి 1కి 2.4 మిగులు. ఇంకో రోడ్డుకు ఇప్పుడు ఓవర్‌లే కావాలి, ఆగితే పునర్నిర్మాణానికి దిగజారే అవకాశం 20 శాతం: 0.2 × 10 = 2, దాన్ని 5తో భాగిస్తే 0.4. పూర్తిగా పాడైన రోడ్డు ఏడాదిలో 15 నుంచి 15.5 అవుతుంది. భాగిస్తే 0.03. ఈ సంఖ్యను ఆ రోడ్డు రద్దీతో గుణించి పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చితే జాబితా దానంతట అదే తయారవుతుంది. మీ ప్రాంతపు అసలు రేట్లు వేస్తే సంఖ్యలు మారతాయి, వరుస మాత్రం అంత తేలిగ్గా మారదు.

మూడో పద్ధతినే నమ్ముకుని పాడైన రోడ్డును పూర్తిగా గాలికి వదిలేయడం కూడా తప్పు. ఆ దారినే ఆసుపత్రికి వెళ్లేవాళ్లుంటారు, బడికి వెళ్లే పిల్లలుంటారు. మేం చెప్పే పంపకం ఇలా ఉంటుంది: కాలువలు, తూములు, గుంతలు, ప్రమాద స్థలాలు – వీటి డబ్బు ముందే పక్కన పెట్టాలి, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. తర్వాత గడప రోడ్లు. మిగిలినదానితో పాడైన రోడ్లలో రద్దీ ఎక్కువున్న ఒక్కటి తీసుకుని మొత్తంగా కట్టాలి. అన్నిటికీ తలా ఒక కిలోమీటరు పంచితే యంత్రాల తరలింపుకే సగం పొద్దు పోతుంది, ఏ ఊరికీ పూర్తి దారి దక్కదు.

దేనికి ఏ సర్వే

కంటి సర్వే, కుదుపు కొలత, బలం పరీక్ష – మూడూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఒకదాని పని ఇంకొకదానితో చేయిస్తే మోసపోతాం.

కంటి సర్వేను బండిలో కూర్చుని చేస్తే సన్నటి పగుళ్లు కనిపించవు, గడప దగ్గరున్న రోడ్లన్నీ 'బాగుంది' కింద పడిపోతాయి. వంద మీటర్ల ముక్కలుగా నడిచి రాసుకోవాలి: పగుళ్ల రకం, అవి ఎంత శాతం విస్తీర్ణంలో ఉన్నాయి, రెండు మీటర్ల బద్ద పెట్టి చూస్తే చక్రాల గాడి లోతు ఎంత, బెర్ము (రోడ్డు అంచు పక్క మట్టి పట్టీ) రోడ్డు కంటే ఎత్తుగా ఉందా, కాలువ పారుతోందా. సీల్ వేయాలా వద్దా అన్నది తేల్చడానికి ఇది చాలు.

కుదుపు కొలత, అంటే అంతర్జాతీయ కుదుపు సూచిక, ప్రయాణికుడు ఏం అనుభవిస్తున్నాడో చెబుతుంది. దీన్ని 1982లో బ్రెజిల్‌లో జరిగిన ప్రయోగాల నుంచి రూపొందించారు. మంచి కొత్త తారు రోడ్డు కిలోమీటరుకు 2 మీటర్ల దగ్గర ఉంటుంది. 6 దాటితే వేగంగా వెళ్లడం కష్టం. ఎందుకు కుదుపు వస్తోందన్నది మాత్రం ఈ సంఖ్యలో ఉండదు.

ఓవర్‌లే మందం నిర్ణయించాలంటే బలం పరీక్ష తప్పదు. లారీ చక్రం బరువుకు రోడ్డు ఎంత వంగుతుందో కొలిచే బెంకెల్‌మన్ బీమ్ చవక, నెమ్మది. బరువు జారవిడిచి ఆ వంపు కొలిచే ఫాలింగ్ వెయిట్ పరికరం ఖరీదు, కానీ రోజుకు చాలా కిలోమీటర్లు కొలుస్తుంది, ఏ పొర బలహీనమో విడదీసి చెబుతుంది. ఏది వాడినా నేల తడిగా ఉండే కాలంలో కొలవండి, లేదా ఆ మేరకు సవరించండి. ఎండాకాలపు కొలతలు ప్రతి రోడ్డునూ బలంగానే చూపిస్తాయి, ఆ లెక్కతో వేసిన ఓవర్‌లే మొదటి వానలకే పగుళ్లిస్తుంది. పునర్నిర్మాణం అనుమానం ఉన్నచోట గొయ్యి తవ్వి పొరల మందం చూడాలి. 8 కిలోల సుత్తిని 575 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి వదిలి కడ్డీ ఎంత దిగిందో చూసే డీసీపీతో నేల బలం చూడాలి. గోతులు చెడిన చోటే కాకుండా, పక్కనే బాగున్న చోట కూడా ఒకటి తవ్వండి. రెండింటి తేడాలోనే చాలాసార్లు జబ్బు దొరుకుతుంది.

పగులును చదవడం వస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే. ఒంటరిగా అడ్డంగానో నిలువుగానో పోయే పగులు తారు ముసలిదై బిగుసుకుపోయిందని చెబుతుంది, దాన్ని నింపితే నిలుస్తుంది. చక్రాల దారిలో మొసలి చర్మంలా అల్లుకున్న పగుళ్లు కింది పొర చేతులెత్తేసిందని చెబుతాయి, వాటి మీద సీల్ వేయడం తడిగోడకు సున్నం కొట్టడమే. అంచున వచ్చే పగుళ్లకు కారణం దాదాపు ఎప్పుడూ బెర్ములోనే ఉంటుంది. గాడి సంగతీ అంతే: గాడి పక్కన తారు ఉబ్బి గట్టులా లేచి ఉంటే పైపొర మిశ్రమమే జారింది, దాన్ని మిల్లింగ్ చేసి, అంటే యంత్రంతో చెక్కి, తీసేయాలి. ఉబ్బు లేకుండా వెడల్పుగా కుంగితే కింద నేల దిగింది, పైన ఎంత పోసినా మళ్లీ దిగుతుంది.

అన్నిటికంటే ముందు నీళ్లు

తారు రోడ్డుకు అడ్డవాలు 2 నుంచి 2.5 శాతం ఉండాలి. కంకర రోడ్డుకు 4 నుంచి 6 శాతం కావాలి, అంతకంటే తక్కువైతే నీళ్లు నిలుస్తాయి. బెర్ము రోడ్డు కంటే ఇంకొంచెం ఎక్కువ వాలుతో దిగాలి. కాలువ అడుగుకు కనీసం 0.5 శాతం వాలు లేకపోతే పూడిక ఆగదు. ఏళ్ల తరబడి గడ్డి పెరిగి, మట్టి చేరి బెర్ము రోడ్డు కంటే ఎత్తైపోతే వాన నీళ్లు తారు అంచునే కాలువ చేసుకుంటాయి. బెర్ము చెక్కి, కాలువ తీసి, తూము మూతి తెరిచే పనికి పైపొర ఖర్చులో చిన్న భాగమే అవుతుంది. బెర్ము సరిచేయకుండా వేసిన ఓవర్‌లే, మందం ఎంతున్నా, ఆయుష్షు సగం పోగొట్టుకుంటుంది. ఓవర్‌లే, కాలువ రెండింటికీ డబ్బు లేకపోతే కాలువే ఎంచుకోండి.

రోడ్డు పనుల మధ్య ఎంపిక

పగుళ్లు నింపడం అన్నిటికంటే చవక, అందుకే అందరూ వాయిదా వేసేదీ ఇదే. 3 మిల్లీమీటర్ల నుంచి 20 మిల్లీమీటర్ల దాకా ఉన్న పగుళ్లకు సరిపోతుంది. వేడిగాలితో దుమ్ము, తడి పోగొట్టి, సుమారు 180–190 డిగ్రీల దగ్గర వేడిచేసిన రబ్బరు తారు పోయాలి. ఎండ మాడ్చే రోజున పగులు మూసుకుని ఉంటుంది, మసాలా పైనే తేలి టైర్లకు అంటుకుంటుంది. చలి రోజుల్లో పగులు కాస్త తెరుచుకున్నప్పుడు చేస్తే లోపలికి దిగుతుంది. తడి ఉన్న పగులులో పోసింది మొదటి వానకే ఊడిపోతుంది.

చిప్ సీల్ (తారు చల్లి పైన రాతి చిప్స్ పరచడం), స్లర్రీ సీల్ (తారు, సన్న రాయి కలిపిన జారుడు పూత), మైక్రో సర్ఫేసింగ్ (దానిలాంటిదే, ఇంకా గట్టి పూత) – మూడూ పూతలే, బలాన్ని పెంచవు. చిప్ సీల్ పల్లె దారులకు చవకగా, గట్టిగా నీటిని ఆపుతుంది. 10 మిల్లీమీటర్ల చిప్స్ అయితే చదరపు మీటరుకు 10 నుంచి 13 కిలోల చిప్స్, దాదాపు 1 కిలో బిటుమెన్ పడతాయి. విఫలమయ్యేది ఎక్కువగా దుమ్ము వల్లే: దుమ్ము పట్టిన చిప్ తారుకు అంటుకోదు, వారంలో రోడ్డు పక్కకు చేరుతుంది. రెండో తప్పు, తారు ఎక్కువ పోయడం. ఎండకు అది పైకి తేలి రోడ్డు నల్లగా మెరుస్తూ జారుతుంది. చిప్స్ వేసిన మొదటి రోజు వాహనాల వేగం 30–40 కిలోమీటర్లకు కట్టడి చేయలేకపోతే ఈ పని పెట్టుకోకండి. ఊరి మధ్య, కూడళ్ల దగ్గర మలుపు తిరిగే చక్రాలు చిప్స్‌ను పెకిలిస్తాయి, అక్కడ మైక్రో సర్ఫేసింగ్ మేలు: 4 నుంచి 8 మిల్లీమీటర్ల మందం, ఒకటి రెండు గంటల్లో వాహనాలు వదలొచ్చు, చిన్నపాటి గాడులు కూడా పూడుతాయి. దీనికి ప్రత్యేక యంత్రం, అలవాటైన మనుషులు కావాలి. స్లర్రీ సీల్ ఇంకా చవక, కానీ ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది, బరువు వాహనాల కింద త్వరగా అరిగిపోతుంది.

ఓవర్‌లే దగ్గరికి వస్తే పరిమాణాలు ముందే మనసులో ఉండాలి. ఒక కిలోమీటరు పొడవు, 7 మీటర్ల వెడల్పు, 40 మిల్లీమీటర్ల మందం అంటే 280 ఘనపు మీటర్లు. సాంద్రత 2.35 లెక్కన దాదాపు 660 టన్నుల మిశ్రమం. కింద టాక్ కోట్ (పొరలను అంటించే పల్చటి తారు పూత) చదరపు మీటరుకు 0.25 కిలోల చొప్పున 1,750 కిలోలు. పేవర్ గంటకు 80 టన్నులు పరుస్తుంటే, ప్లాంటుకు వెళ్లి రావడానికి మూడు గంటలు పడితే, లారీకి 15 టన్నుల చొప్పున 16 లారీలు తిరుగుతూ ఉండాలి. పది లారీలే పెట్టుకుంటే పేవర్ ఆగి ఆగి నడుస్తుంది, ఆగిన ప్రతిచోటా మిశ్రమం చల్లబడి గతుకు మిగులుతుంది. ప్లాంటు దూరం చూసుకోకుండా రోడ్డు ఎంపిక చేయకూడదని చెప్పేది ఇందుకే. సాధారణ బిటుమెన్ మిశ్రమం 90 డిగ్రీల కంటే చల్లబడేలోపు రోలింగ్ పూర్తికావాలి. తర్వాత ఎన్నిసార్లు తిప్పినా రాళ్లు పగులుతాయే గానీ పొర బిగవదు. పొరలో గాలి ఖాళీలు 8 శాతం దాటితే నీళ్లు లోపలికి దారి చేసుకుంటాయి.

మందం విషయంలో పొదుపు వికటించే చోటు ఒకటుంది. పొర మందం అందులోని పెద్ద రాయి పరిమాణానికి కనీసం మూడు రెట్లు ఉండాలి. 13 మిల్లీమీటర్ల రాయితో 25 మిల్లీమీటర్ల పొర వేస్తే రాళ్లు రోలర్ కింద ఒకదానిమీద ఒకటి ఆనుకుని ఉండిపోతాయి, పొర బిగవదు. డబ్బు తక్కువుంటే పొడవు తగ్గించండి, మందం తగ్గించకండి.

మిల్లింగ్ చేసి వేయాలా, ఉన్నదాని మీదే వేయాలా? గాడులు 15 మిల్లీమీటర్లు దాటినా, పైపొర పొట్టులా లేస్తున్నా, పక్కన కాలిబాట గట్టు ఉన్నా మిల్లింగ్ చేయాలి. లేకపోతే అనవసరం. మిల్లింగ్ తర్వాత దుమ్మును యంత్రంతో ఊడ్చకుండా టాక్ కోట్ కొడితే ఆ తారు దుమ్మును పట్టుకుంటుంది, రోడ్డును పట్టుకోదు. కొత్త పొర చాపలా జరిగిపోతుంది.

పునర్నిర్మాణానికి చేరిన రోడ్డును తవ్వి పారేయడం ఒక్కటే దారి అనుకోనక్కర్లేదు. ఉన్న తారు, కంకర కలిపి 150 నుంచి 300 మిల్లీమీటర్ల లోతున పొడిచేసి, 3–6 శాతం సిమెంటుతో గానీ, 2–3 శాతం నురగ బిటుమెన్, 1 శాతం సిమెంటుతో గానీ కలిపి అక్కడే కొత్త పొరగా మార్చవచ్చు. రాయి దొరకని ప్రాంతాల్లో ఇది గట్టి మేలు. సిమెంటు ఎక్కువైతే పొర బిర్రుగా గట్టిపడి, కుంచించుకుని అడ్డపగుళ్లిస్తుంది. కింద నేల బంకమట్టి, నీళ్లు నిలిచేదైతే ఎంత మంచి పొరైనా కుంగుతుంది. ముందు డీసీపీ ఫలితం చూడండి.

గుంతల మాట. వానలో నీళ్లు నిండిన గుంతలో మిశ్రమం పోసి చక్రంతో తొక్కించడం అత్యవసరానికి మాత్రమే. నిలిచే ప్యాచ్ ఇలా ఉంటుంది: చెడిన చోటు దాటి గట్టి భాగం వచ్చేదాకా చతురస్రంగా, నిట్టనిలువు అంచులతో కోయాలి. తడి లేకుండా ఆరబెట్టి, అడుగుకూ అంచులకూ తారు పూయాలి. 50–75 మిల్లీమీటర్ల పొరలుగా నింపి, ప్రతి పొరనూ విడిగా బిగించాలి. చివరికి చుట్టుపక్కల కంటే 3–5 మిల్లీమీటర్లు ఎత్తుగా వదలాలి. ఒకే కిలోమీటరులో ప్యాచ్‌ల విస్తీర్ణం పది శాతం దాటిందంటే ఆ ముక్కను గుంతల పద్దులోంచి తీసి ఓవర్‌లే పద్దులో వేయడం మంచిది.

వంతెనల లెక్క వేరు

రోడ్డు చెడితే కుదుపుతో ముందే చెబుతుంది. వంతెన చెప్పకపోవచ్చు. 1967 డిసెంబరు 15న ఒహాయో నది మీది సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది చనిపోయారు. కారణం ఒక ఐబార్‌లో (వంతెనను వేలాడదీసిన, కొసన కన్నం ఉండే ఉక్కు పట్టీలో) దాదాపు 2.5 మిల్లీమీటర్ల లోతున్న పగులు. ఆ తర్వాతే, 1971లో, అమెరికా జాతీయ వంతెనల తనిఖీ ప్రమాణాలు తెచ్చింది. జర్మనీలో ఆరేళ్లకోసారి చేతికందే దూరం నుంచి పెద్ద తనిఖీ, మధ్యలో మూడేళ్లకు చిన్న తనిఖీ. అందుకే వంతెనలకు 'ఆగితే ఎంత ఖర్చు పెరుగుతుంది' అన్న ప్రశ్నకు ముందు మరో రెండు అడగాలి: ఇది విఫలమైతే హఠాత్తుగా పోతుందా? పోతే మళ్లింపు దారి ఎంత దూరం? నలభై కిలోమీటర్లు చుట్టూ తిరగాల్సిన చోటి మధ్యరకం వంతెన, పక్కనే ఇంకో దారి ఉన్న పాడు వంతెన కంటే ముందు వరుసలోకి రావాలి.

మేం పాటించమనే వరుస: పునాది, బరువు మోసే భాగాలు, నీరు, చివర రూపం.

పునాది దగ్గర శత్రువు కోత. 1987 ఏప్రిల్ 5న న్యూయార్క్ రాష్ట్రంలో షోహారీ క్రీక్ వంతెన వరదలో కూలి 10 మంది పోయారు. పియర్ల (వంతెన స్తంభాల) చుట్టూ పేర్చిన రాళ్లను సరిగా నిలిపి ఉంచకపోవడమే కారణమని విచారణలో తేలింది. 2001 మార్చి 4న పోర్చుగల్‌లో హింట్జ్ రిబేరో వంతెన కూలి 59 మంది చనిపోయారు. అక్కడ ఏళ్ల తరబడి ఇసుక తవ్వడంతో నది అడుగు దిగిపోయింది. కాబట్టి ప్రతి పెద్ద వరదకు ముందూ తర్వాతా పియర్ చుట్టూ నది అడుగు లోతు కొలిచి పాత కొలతతో పోల్చాలి. వరద తగ్గేటప్పుడు ఒండ్రు మట్టి గొయ్యిని పూడ్చేస్తుంది, ఇనుప కడ్డీతో గుచ్చి చూడకపోతే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. రాతి పేర్పు, కాంక్రీటు ఆప్రాన్ (నది అడుగున పరిచే పలక) మధ్య ఎంచుకోవాలంటే, నది అడుగు కదిలేదైతే రాయి మేలు: అడుగు దిగితే రాయీ దానితో దిగి సర్దుకుంటుంది. రాళ్ల కింద వడపోత పొర లేకపోతే సందుల్లోంచి ఇసుక జారిపోయి రాళ్లన్నీ మునుగుతాయి. కాంక్రీటు ఆప్రాన్ అడుగున కోత మొదలైతే పైకి ఏమీ కనిపించదు, ఒక్కసారిగా విరుగుతుంది.

నీటి విషయంలో మొదటి నేరస్థుడు ఎక్స్‌పాన్షన్ జాయింటు, అంటే వేడికి వంతెన సాగడానికి వదిలిన సందు. అది కారితే నీళ్లు గర్డరు (పొడవాటి దూలం) కొసల మీద, బేరింగుల (దూలం ఆనే దిమ్మల) మీద, పియర్ తల మీద పడతాయి. జాయింటు మార్చకుండా బేరింగు మార్చడం, కొసల కాంక్రీటు బాగుచేయడం డబ్బు నీళ్లపాలు చేయడమే. జాయింటు రకాన్ని కదలిక లెక్కతో ఎంచుకోవాలి. కాంక్రీటు వ్యాకోచం డిగ్రీకి మీటరుకు 0.012 మిల్లీమీటర్లు తీసుకుంటే, 30 మీటర్ల స్పాన్ 40 డిగ్రీల తేడాకు 14 మిల్లీమీటర్లు కదులుతుంది. దానికి సందులో తారు మిశ్రమం నింపే ప్లగ్ జాయింటు చాలు, చవక కూడా. బ్రేకులు వేసే చోట, వేడి ఎక్కువున్న చోట ప్లగ్ గాడి పడుతుంది, అక్కడ వద్దు. 90 మీటర్ల అతుకులేని గర్డరుకు 43 మిల్లీమీటర్లు కావాలి. అది రబ్బరు స్ట్రిప్ సీల్ పని, 80 మిల్లీమీటర్ల దాకా మోస్తుంది. వాహనాలు ఆపలేక సగం వెడల్పు చొప్పున పని చేసినా రబ్బరు మాత్రం చివర్లో, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే ముక్కగా ఎక్కించాలి. మధ్యలో అతికినది అక్కడే కారుతుంది. బిగించిన రోజు వంతెన ఉష్ణోగ్రతను బట్టి ఖాళీ సర్దాలి, ఆ రెండూ రాసిపెట్టాలి.

కాంక్రీటు పెచ్చులూడితే ఊడినచోటే సిమెంటు మెత్తితే సరిపోదు. సుత్తితో తట్టి బోలు శబ్దం వచ్చే మేరంతా గుర్తించాలి. ఫినాఫ్తలీన్ చల్లితే ఇంకా ఆరోగ్యంగా ఉన్న కాంక్రీటు గులాబీ రంగు తిరుగుతుంది, క్షారం పోయిన భాగం రంగు మారదు. లోపలి ఇనుప ఊచల తుప్పును వోల్టేజితో పసిగట్టే హాఫ్ సెల్ కొలత మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే కిందికి పోతే, రాగి-రాగి సల్ఫేటు ప్రమాణంతో, తుప్పు నడుస్తున్న అవకాశం 90 శాతం పైమాటే. బాగుచేసేటప్పుడు ఊచ వెనక కనీసం 20 మిల్లీమీటర్ల దాకా తొలిచి, తుప్పు పూర్తిగా తీసి నింపాలి. ఉప్పు చేరిన కాంక్రీటులో ఇంకో చిక్కుంది: ప్యాచ్ చేసిన చోట ఊచ బాగుపడి, చుట్టూ ఉన్న ఊచ కొత్తగా తుప్పు పట్టడం మొదలవుతుంది. అలాంటి చోట ప్యాచ్ అంచున, ఊచకు బదులు తామే తుప్పు పట్టే జింకు ఆనోడ్లు కట్టడం ఖర్చైనా తక్కువలో పోయేదే. బోలు విస్తీర్ణం స్లాబులో మూడోవంతు దాటితే ప్యాచ్‌ల వేట ఆపి స్లాబు మార్పు అంచనా వేయించండి.

ఉక్కు గర్డర్ల రంగు విషయంలో నిర్ణయం తేలికే: తుప్పు అక్కడక్కడే ఉంటే ఆ చోట్లే శుభ్రం చేసి రంగు, విస్తరిస్తే ఇసుకను బలంగా చిమ్మి మొత్తం తీసి మూడు పూతలు. ఉక్కు ఉష్ణోగ్రత మంచు బిందువు (గాలిలోని తేమ నీటి చుక్కలుగా పేరుకునే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ లేని పూట రంగు ముట్టుకోవద్దు.

రోడ్డు వాళ్లూ వంతెన వాళ్లూ మాట్లాడుకోకపోతే జరిగే తప్పు ఒకటుంది, దీన్ని గట్టిగా చెప్పాలి. ఓవర్‌లే చేసుకుంటూ వచ్చిన పేవర్ ఆగకుండా వంతెన మీదికి ఎక్కేస్తుంది. 30 మీటర్ల పొడవు, 7.5 మీటర్ల వెడల్పు డెక్ (వంతెన పైపలక) మీద 50 మిల్లీమీటర్ల పొర అంటే 26 టన్నుల అదనపు బరువు, ఎప్పటికీ దిగని బరువు. రెండు మూడు విడతలు ఇలా పడితే వాహనాలు మోయాల్సిన సత్తువను తారే తినేస్తుంది. పైగా జాయింటు పూడుతుంది, నీటి గొట్టాల మూతులు మూసుకుపోతాయి, రెయిలింగు పొట్టిదవుతుంది. 2007 ఆగస్టు 1న మినియాపోలిస్‌లో 13 మందిని బలిగొన్న ఐ-35డబ్ల్యూ వంతెన పతనానికి అసలు కారణం పల్చటి గసెట్ ప్లేట్లు (ఉక్కు దూలాలను కలిపే పలకలు). ఏళ్ల తరబడి మార్పులతో పెరిగిన స్థిర బరువు, ఆ రోజు పైన పోసి ఉంచిన నిర్మాణ సామగ్రి దానికి తోడయ్యాయి. కాబట్టి వంతెన మీద ఎంత పొర వేస్తారో ముందు అంత మిల్లింగ్ చేయాలన్న మాట ప్రతి టెండరులో స్పష్టంగా ఉండాలి.

పనుల వరుస, మళ్లింపు

ఒకే కారిడార్‌లో తూము మార్పు, కేబుల్ గోతులు, బెర్ములు ముందు. పైపొర తర్వాత. గీతలు, బోర్డులు చివర. వంతెన జాయింటు మార్పు, అప్రోచ్ (వంతెనకు ఎక్కే దారి) ఓవర్‌లే ఒకే మూసివేతలో పెట్టుకుంటే వాహనదారులు ఒక్కసారే ఇబ్బంది పడతారు. నదిలో దిగే పనులన్నీ నీళ్లు అడుగంటే నెలల్లోకి, సీల్, ఓవర్‌లే పొడి నెలల్లోకి, తూముల శుభ్రం వానలకు నెల ముందుకి. బేరింగులు, జాయింట్లు కొలత తీసి చేయించేవి, రావడానికి నెలలు పట్టవచ్చు. అవి గోదాములోకి చేరాకే మూసివేత తేదీ ప్రకటించండి.

మళ్లింపు దారిని కాగితం మీద కాకుండా లారీతో నడిపి చూడాలి. ఆ దారిలోని చిన్న కల్వర్టు రెట్టింపు లారీలను మోయగలదా, ఆ రోడ్డుకు నాలుగు నెలలు అదనపు ఇరుసులు పడితే ఏమవుతుంది – ఈ ఖర్చు కూడా అసలు పని అంచనాలో కలపాలి. ఒకదానికొకటి ప్రత్యామ్నాయమైన రెండు వంతెనలను ఒకే సీజన్‌లో మూయకూడదు.

ఎవరితో చేయించాలి

గుంతలు, కాలువలు, గడ్డి సొంత సిబ్బందికే బాగుంటాయి. ఈ రోజు ఎక్కడ అవసరమో ముందే రాసి ఇవ్వడం కుదరని పనులివి. సీల్, ఓవర్‌లే లాంటివి ఐటెం రేటు టెండరులో కొలిచి చెల్లించవచ్చు. అక్కడ జాగ్రత్త పడాల్సింది టన్నుకు చెల్లిస్తే మందం పెరిగి పొడవు తగ్గడం, చదరపు మీటరుకు చెల్లిస్తే మందం తగ్గడం. చదరపు మీటరు రేటు పెట్టి, కోర్లు (రోడ్డులోంచి తొలిచిన నమూనాలు) తీసి మందం, సాంద్రత రెండూ చూసి కోత విధించడం మేలు.

మూడోది ఫలితం ఆధారిత ఒప్పందం: గుంత ఉండకూడదు, కాలువ పారాలి, కుదుపు ఇంత దాటకూడదు అని ఐదు నుంచి పదేళ్లకు అప్పగించి నెలవారీ చెల్లించడం. 1988లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ఈ దారి మొదలుపెట్టింది. రోడ్ల స్థితి ముందే స్పష్టంగా కొలిచి ఉన్న చోట, పర్యవేక్షణ సిబ్బంది తక్కువున్న చోట ఇది బాగా పనిచేస్తుంది. సగం చెడిపోయిన రోడ్లను ఇలా అప్పగిస్తే కాంట్రాక్టరు ఆ అనిశ్చితికి కూడా రేటు వేస్తాడు. అందుకని వాటిని ముందు బాగుచేయించే భాగాన్ని ఒప్పందంలోనే విడిగా చేర్చాలి. గుంత పూడ్చడానికి గడువు గంటల్లో రాయండి, ఎన్ని గంటలు దాటితే ఎంత కోతో రాయండి. చివరి సంవత్సరంలో కాంట్రాక్టరు సహజంగానే చేయి బిగిస్తాడు. అప్పగింత రోజున మిగిలి ఉండాల్సిన పైపొర ఆయుష్షు, అనుమతించే గాడి లోతు, బలం పరీక్ష విలువ ఒప్పందం మొదటి రోజే రాసుకుని, ఆఖరి ఏడాది చెల్లింపులో ఒక భాగాన్ని ఆ పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆపి ఉంచాలి.